బహువార్షిక పూలమొక్కలు: భోపాల్‌పట్నం పెరట్లో విత్తనం నుంచి పెంపకం

ఒకసారి మొలిచి, రెండేళ్ళకు మించి బతికి, ఏటేటా పూసే మొక్కను బహువార్షికం అంటారు. బంతి, గునుగు, సీతమ్మ జడ ఒక్క ఏడాదిలోనే పూసి, కాసి, ఎండిపోతాయి. అవి ఏకవార్షికాలు. శంఖుపువ్వు, బిళ్ళగన్నేరు, చంద్రకాంత, కనకాంబరం, డిసెంబరం, మెట్టతామర, తంగేడు, పారిజాతం బహువార్షికాలు. వీటన్నిటినీ కొమ్మ తెచ్చి గుచ్చనక్కర లేకుండా, నర్సరీకి పోనక్కర లేకుండా, గింజ నుంచే పెంచుకోవచ్చు. మొదటిసారి మట్టిలో చెయ్యి పెట్టేవారి కోసం రాసిన ఈ వ్యాసం ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నాన్ని తన నేలగా ఎంచుకుంది.

భోపాల్‌పట్నం బస్తర్ నైరుతి మూలన, ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి దగ్గరగా ఉంది. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ జాతీయ రహదారి ఈ ఊరి దగ్గరే ముగుస్తుంది. నిజామాబాద్, సిరొంచల మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే 63వ రహదారి దీన్ని తాకుతూ పోతుంది. ఒకప్పుడు బస్తర్ సంస్థానంలో ఇదొక జమీందారీ. 2007లో దంతెవాడ నుంచి విడిపోయిన బీజాపూర్ జిల్లాలో ఇప్పుడొక తహసీలు. ఇక్కడ తెలుగు, గోండి, హల్బీ, హిందీ వినిపిస్తాయి. దోర్ల ఆదివాసుల మాటలో గోండి, తెలుగు కలగలిసి ఉంటాయి. ఇన్ని భాషల మధ్య గింజలు కొనేవారికి మొదటి చిక్కు పేర్లతోనే వస్తుంది. పొట్లం మీద హిందీలో సదాబహార్ అని ఉంటే అది మన బిళ్ళగన్నేరు. అపరాజిత అంటే శంఖుపువ్వు, గుల్ అబ్బాస్ అంటే చంద్రకాంత, హర్‌సింగార్ అంటే పారిజాతం. నది దాటి మహారాష్ట్ర వైపు వెళ్తే కనకాంబరాన్ని అబోలీ అంటారు.

వేసవిని దాటే వేరు

తోటపని పుస్తకాల్లో చాలా భాగం చలిదేశాల్లో పుట్టాయి. అక్కడ బహువార్షికం అంటే మంచును దాటి బతికేది. పై భాగం చలికి మాడిపోయినా వేరు మట్టిలో నిద్రపోయి వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది. ఆ మొక్కల గింజలకు కూడా చలే గడియారం. డెల్ఫీనియం, లూపిన్, పియనీ లాంటి పేర్లు ఆ పుస్తకాల్లో ముందు వరసలో ఉంటాయి. చలిదేశపు మొక్కల్లో కొన్నిటి గింజలు తడిచలిలో వారాల తరబడి ఉంటే తప్ప మొలవవు. మొలిచినా మన మే నెలకు అవి నిలవవు. రంగుల బొమ్మ చూసి అలాంటి పొట్లం కొని, మొలక రాక, తన చెయ్యి మంచిది కాదని బాధపడేవారు ఎందరో. తప్పు చేతిది కాదు, ఆ గింజ ఈ నేలది కాదు.

భోపాల్‌పట్నం గోదావరి లోయలోని పల్లపు ప్రాంతం. జగదల్‌పూర్ పీఠభూమి చల్లదనం ఇక్కడికి రాదు. మే నెలలో ఎండ 45 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. జూన్ రెండో సగం నుంచి సెప్టెంబరు దాకా వాన దంచికొడుతుంది. కాబట్టి ఇక్కడ బహువార్షికం అంటే రోహిణి కార్తెను దాటి బతికేది. పూలమొక్కను ఎంచుకునేటప్పుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే: రోహిణిలో నీళ్ళు ఒక పూట తప్పినా ఇది బతుకుతుందా?

విత్తనం నుంచి పెంచడంలోని బలం ఇక్కడే తెలుస్తుంది. కొమ్మ గుచ్చి పెంచిన మొక్కకు పక్కవేళ్ళే వస్తాయి. గింజ నుంచి లేచిన శంఖుపువ్వు, తంగేడు, పారిజాతం లాంటి వాటికి తల్లివేరు ఉంటుంది. అది నిలువుగా దిగి, పైమట్టి కాలిపోయినా కింది చెమ్మను అందుకుంటుంది. చంద్రకాంత మరో దారి పట్టింది. దాని వేరు దుంపలా లావెక్కి నీటినీ పిండినీ దాచుకుంటుంది. వేసవిలో పై కాండమంతా ఎండిపోతే చచ్చిందనుకొని పీకేస్తారు. తొలకరికి అదే చోట మళ్ళీ మొలుస్తుంది. అడవిలో అగ్నిశిఖ, అంటే అడవి నాభి, చేసేదీ ఇదే. ఏడాదిలో సగం దుంపగా మట్టిలో ఉండి, వానల్లో తీగై, ఎరుపు పసుపు జ్వాలల్లాంటి పూలు పూస్తుంది. దాని దుంపలో కోల్చిసిన్ అనే విషం ఉంది కనుక చూసి ఆనందించడమే మంచిది, పిల్లలున్న ఇంటి పెరట్లోకి తేకూడదు.

అందువల్ల మొదటి ఏడాది మొక్క నుంచి ఆశించవలసింది వేరు. పూలు చాలావరకు రెండో ఏడాది లెక్కలోవి. ఇది మనసుకు పట్టిన వారికి తోటపనిలో సగం నిరాశ తప్పుతుంది.

గింజ నిద్ర

తడి తగలగానే ప్రతి గింజా మొలవదు. మొలిచిన మొక్కలన్నీ ఒకే ఎండదెబ్బకు పోకుండా ప్రకృతి గింజల్లో రకరకాల తాళాలు పెట్టింది. మన బహువార్షికాల్లో ఎక్కువగా కనిపించే తాళం గట్టి పెంకు. శంఖుపువ్వు, తంగేడు, మెట్టతామర, తామర గింజల పెంకులోంచి నీరు లోపలికి దిగదు. మెట్టతామర గింజ నల్లని తుపాకీ గుండులా ఉంటుంది. అర్జెంటీనాలో అక్రోటు చిప్పతో చేసిన ఒక పాత గిలక్కాయలో దొరికిన మెట్టతామర గింజ దాదాపు 550 ఏళ్ళ తరువాత మొలిచింది. ఈశాన్య చైనాలో ఎండిపోయిన చెరువు మట్టిలో దొరికిన తామర గింజ వయసు సుమారు 1300 ఏళ్ళు. అదీ మొలకెత్తింది.

ఈ తాళం తీయడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర లేదు. గింజను ఒక పక్క గరుకు బండ మీదో ఉప్పుకాగితం మీదో లోపలి లేతరంగు కనిపించేదాకా అరగదీయాలి. మొలక వచ్చే కన్ను వైపు ముట్టుకోకూడదు. రాత్రంతా నీళ్ళలో నానబెడితే తెల్లారేసరికి తాళం విడిన గింజలు ఉబ్బుతాయి. ఉబ్బనివాటిని మళ్ళీ అరగదీసి మళ్ళీ నానబెట్టాలి. తంగేడు గింజలు ఎక్కువగా ఉంటే మరిగిన నీళ్ళు దించి వాటి మీద పోసి, ఆ నీళ్ళలోనే చల్లారనిచ్చి మర్నాడు విత్తుకోవచ్చు.

కొన్నిటి గుణం దీనికి పూర్తిగా ఎదురు. సంపెంగ గింజ ఎర్రని కండలో ఉంటుంది. ఆ కండ కడిగి వెంటనే విత్తకపోతే కొద్ది రోజుల్లోనే జీవం పోతుంది. బస్తర్ బతుకంతా ముడిపడిన ఇప్ప కూడా అంతే. మార్చి, ఏప్రిల్‌లో పువ్వు రాలుతుంది, జూన్ ప్రాంతంలో కాయ పండుతుంది. ఆ గింజ దాచితే నిలవదు, వాన మట్టిని తడిపే వేళకే అది నేలకు చేరుతుంది. ఇలాంటి గింజలకు పొట్లం, సీసా, వచ్చే ఏడు అనే మాటలు లేవు.

వెలుతురు సంగతి కూడా తెలిసి ఉండాలి. బిళ్ళగన్నేరు గింజకు చీకటి కావాలి. పైన మట్టి కప్పకుండా చల్లితే సరిగా మొలవదు. పెటూనియా లాంటి దుమ్ములాంటి గింజలకు వెలుతురు కావాలి, మట్టి కప్పితే మొలకలు రావు. ఈ ఒక్క తేడా తెలియక పోయే పొట్లాలు చాలా.

కార్తెల లెక్క

ఎప్పుడు విత్తాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో క్యాలెండర్ నెలల కంటే కార్తెలే బాగా జవాబు చెబుతాయి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశిస్తుంది. తొలకరి పడి నేల చల్లబడ్డాక తంగేడు, శంఖుపువ్వు, చంద్రకాంత లాంటి పెద్ద గింజలను అవి శాశ్వతంగా ఉండవలసిన చోటే విత్తాలి. తల్లివేరు దిగే మొక్కలను చోటు మార్చితే కోలుకోవడం కష్టం. తంగేడైతే ఆ కదలికను అస్సలు ఓర్చుకోదు.

ఆరుద్ర నుంచి మఖ దాకా చిన్న గింజల జోలికి పోకపోవడం మేలు. జడివాన గింజను కొట్టుకుపోతుంది, కొట్టుకుపోనిది కుళ్ళిపోతుంది. ఆ రోజుల్లో విత్తక తప్పకపోతే చూరు కింద, జల్లు పడని వెలుతురులో పెట్టాలి. చిన్న గింజలకు అసలైన అదను సెప్టెంబరు చివర మొదలయ్యే హస్త, దాని వెనకాలే వచ్చే చిత్త. వాన వెనకపడుతుంది, నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, ఎండకు కసి తగ్గుతుంది. బిళ్ళగన్నేరు, కనకాంబరం, డిసెంబరం అప్పుడు విత్తితే చలి ముదిరేలోగా నాలుగాకులు తొడుగుతాయి, చలికాలమంతా వేరు పెంచుకొని ఎండలకు సిద్ధమవుతాయి.

కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు సంక్రాంతి దాటాక, ఫిబ్రవరిలో విత్తడం. వాతావరణం హాయిగా ఉంటుంది, చేతికి పని కావాలనిపిస్తుంది. కానీ ఏప్రిల్ వచ్చేసరికి ఆ మొక్క వేరు జానెడు కూడా దిగదు. రోజుకు రెండుసార్లు నీళ్ళు పోసేవాళ్ళుంటే తప్ప అది జూన్‌ను చూడదు.

మట్టి, దొప్ప, నీళ్ళు

ఇంద్రావతి ఇసుక, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపితే నారుకు సరిపోయే మట్టి తయారవుతుంది. ఎరువు పచ్చిదైతే వేడి పుట్టి లేతవేరును మాడ్చుతుంది. చేతిలో తీసుకుంటే వాసన లేకుండా టీపొడిలా రాలాలి. వాడే ముందు మట్టి మీద మరిగే నీళ్ళు పోసి ఆరబెడితే బూజు, పురుగు గుడ్లు చాలావరకు పోతాయి.

ప్లాస్టిక్ ట్రేలు లేవని ఆగనక్కర లేదు. మోదుగాకుతోనో అడ్డాకుతోనో కుట్టిన దొప్పలు నారు పోయడానికి చక్కగా పనికొస్తాయి. దొప్పలో మట్టి నింపి ఒక్కో దానిలో రెండు గింజలు వేసి, మొలిచాక బలహీనమైనదాన్ని తుంచెయ్యాలి. నాటే వేళకు దొప్పతో సహా గుంటలో పెట్టేస్తే వేరు కదలదు, ఆకు మట్టిలో కలిసిపోతుంది. తల్లివేరు మొక్కలకు ఇంతకన్నా మంచి కుండీ లేదని నా అభిప్రాయం. కాకపోతే దొప్ప వానలో నెలకన్నా ఎక్కువ ఆగదు, కాబట్టి నాటే గుంట ముందే తవ్వి ఉంచుకోవాలి.

గింజను దాని మందానికి రెండు మూడు రెట్ల లోతున వేస్తే చాలు. చంద్రకాంత మిరియమంత ఉంటుంది కనుక అర అంగుళం లోతు. బిళ్ళగన్నేరు నువ్వుగింజ కన్నా చిన్నది కనుక పైన పలుచగా మట్టి జల్లాలి. చెంబుతో నీళ్ళు ధారగా పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. మూతకు చిల్లులు పొడిచిన సీసాతో చిలకరించాలి, లేదా దొప్పలను పళ్ళెంలో ఉంచి నీటిని కింది నుంచి పీల్చుకోనివ్వాలి.

మొలకలు లేచిన వారానికి మొదలు దగ్గర నల్లబడి, దారంలా సన్నబడి, ఒక్కొక్కటే వాలిపోతే అది నారుకుళ్ళు. ఎండిపోతున్నాయనుకొని ఇంకా నీళ్ళు పోస్తే మిగిలినవీ పోతాయి. దట్టంగా చల్లడం, నీరు నిలవడం, గాలి ఆడకపోవడం దీనికి మూలం. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మట్టి తడిపితే వ్యాపించడం ఆగుతుంది. అయితే పలుచగా విత్తడమే అన్నిటికన్నా నమ్మకమైన మందు. చీమలు గింజలు మోసుకుపోతుంటే దొప్పల చుట్టూ బూడిద గీత గీస్తే కొంత అడ్డు.

నాలుగు నుంచి ఆరు అసలు ఆకులు వచ్చాక, మబ్బు పట్టిన సాయంత్రం నాటాలి. అంతకు వారం ముందు నుంచి రోజూ కాస్త కాస్త ఎండ చూపాలి. నాటిన రోజే ముళ్ళకొమ్మల కంచె కట్టాలి. విడిచిపెట్టిన మేకలు, కోళ్ళు తిరిగే ఊళ్ళో కంచె లేని నారు ఒక పూట కూడా ఉండదు. బిళ్ళగన్నేరు ఆకు చేదు, విషం కూడా ఉంది కనుక మేక సాధారణంగా మూతి పెట్టదు. కంచె కట్టే తీరిక లేనివారికి అదే మొదటి మొక్క.

మొదలుపెట్టడానికి

పూర్తిగా కొత్తవారికి శంఖుపువ్వును మించినది లేదు. నానబెట్టిన గింజ వారం, పది రోజుల్లో మొలుస్తుంది, రెండు నెలలు తిరిగేసరికి పూత కనిపిస్తుంది. చిక్కుడు కుటుంబపు తీగ కావడంతో వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి బలమిస్తాయి. నీలిపువ్వును వేడినీళ్ళలో వేస్తే నీళ్ళు నీలమవుతాయి, నిమ్మరసం పిండితే ఊదారంగుకు తిరుగుతాయి. పిల్లలను మొక్కల వైపు తిప్పడానికి ఇది చాలు. దీని శాస్త్రీయనామంలోని టెర్నాటియా అనే మాట ఇండోనేసియాలోని టెర్నాటే ద్వీపం పేరు నుంచి వచ్చింది.

బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దీని నుంచి విన్‌బ్లాస్టిన్ వేరుచేశారు. ఇదే మొక్కలో దొరికే విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఇప్పటికీ ముఖ్యమైన మందు. ఇంత శక్తి ఉన్న ఆకును ఇంటివైద్యంగా నమలడం ప్రమాదం. దీని జంటకాయలు పచ్చ నుంచి పసుపుకు తిరిగాక కోయాలి. ఇంకొక రోజు ఆగితే పగిలి నల్లగింజలన్నీ నేల రాలతాయి. పెంపకంలో దీనికున్న శత్రువు ఎక్కువ నీరు ఒక్కటే.

చంద్రకాంత దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన సాయంకాలాల్లో కలిసిపోయింది. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కొరెన్స్ దీనిలోనే ఎర్రపూల మొక్కను తెల్లపూల మొక్కతో కలిపి గులాబిరంగు పూలు వచ్చాయని చూపాడు. ఆ గులాబిరంగు మొక్కల గింజలు విత్తితే తరువాతి తరంలో ఎరుపు, గులాబి, తెలుపు 1:2:1 పాళ్ళలో విడిపోతాయి. గింజతో పెంచేవారు ఇది మరిచిపోకూడదు: పొరుగింట చూసిన రంగే మన ఇంట వస్తుందన్న హామీ లేదు. ఆ తెలియనితనమే నాకు విత్తనం మీద ఇష్టం పెంచింది. కొమ్మ గుచ్చితే పాత మొక్కే మళ్ళీ వస్తుంది, గింజ వేస్తే ఇంతవరకు ఎవరూ చూడని మొక్క రావచ్చు.

కనకాంబరం తెలుగు ఆడవారి జడలో మల్లెకు జోడు. దీని కాయ ఎండాక తడి తగిలితే టప్పున పేలి గింజలను దూరంగా చిమ్ముతుంది. డిసెంబరం కాయలదీ అదే స్వభావం. అందుకని గోధుమరంగుకు తిరిగిన వెన్నుకు పలుచని గుడ్డ కట్టి ఉంచాలి, లేదా కోసి గుడ్డ కప్పిన గిన్నెలో ఆరబెట్టాలి. గింజ మొలవడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు కాబట్టి ఓపిక కావాలి. అయితే అన్ని కనకాంబరాలూ గింజ పెట్టవు. ఢిల్లీ కనకాంబరం అనే నారింజరంగు రకంలో క్రోమోజోములు మూడు జట్లుగా ఉంటాయి, అది గొడ్డు మొక్క, కొమ్మలతోనే పెరుగుతుంది. నర్సరీలో అందమైన ఆ మొక్క కొని గింజల కోసం ఎదురుచూసి ప్రయోజనం లేదు. కనకాంబరం వేళ్ళకు నులిపురుగులు పడతాయి. పక్కన బంతి వేస్తే, గుంటలో వేపపిండి కలిపితే వాటి బెడద తగ్గుతుంది.

తంగేడును తోటమొక్కగా చూసేవారు తక్కువ. గోదావరి అవతల తెలంగాణకు అది రాష్ట్ర పుష్పం, బతుకమ్మను పేర్చే పూలలో ముఖ్యమైనది. గట్ల మీద, బీళ్ళలో దొరుకుతుంది కదా అని ఎవరూ పెంచరు. బీళ్ళు దున్నబడి, గట్లు తరిగిపోతున్న కొద్దీ పండగ వేళ దాని కోసం వెతుక్కోవలసి వస్తోంది. ఎండకు, రాతినేలకు, నీటి కరవుకు తట్టుకొనే ఇంత బంగారు పువ్వును ఇంటి కంచె వెంట విత్తకపోవడం మన నిర్లక్ష్యం. ఒక్కసారి వేరు దిగితే దానికి ఎవరూ నీళ్ళు పోయనక్కర లేదు.

పారిజాతం కాయ బిళ్ళలా చదునుగా ఉండి రెండు గింజలనిస్తుంది. మొలక ఆలస్యం, పూతకు ఏళ్ళు పడతాయి. ఇల్లు కట్టిన ఏడాదే విత్తి మరిచిపోవలసిన చెట్టు అది.

మల్లె, గులాబి, నందివర్ధనం, రకరకాల మందారాలు ఇక్కడ వదిలేశాను. వాటిని అంట్లు కట్టో కొమ్మలు గుచ్చో పెంచడమే పద్ధతి. చామంతి గింజ నుంచి వచ్చినా తల్లి గుణం రాదు కనుక పిలకలతో నాటుతారు. పచ్చగన్నేరు గింజ నుంచి సులువుగా లేస్తుంది, కానీ ఆ గింజ ప్రాణాంతక విషం. బడి దగ్గర, పిల్లలు ఆడే చోట దాన్ని విత్తకూడదు.

అడవి పక్కన తోట

భోపాల్‌పట్నం పక్కనే ఇంద్రావతి జాతీయ వనం ఉంది. 1983లో అది పులుల అభయారణ్యమైంది. అడవి అంచున బతికే తోటమాలికి అదనపు బాధ్యత ఉంటుంది. లాంటానా ఒకప్పుడు దేశంలోకి తోటపువ్వుగానే వచ్చింది. పిట్టలు పండు తిని గింజలు చల్లగా చల్లగా అడవుల కింది నేలనంతా కమ్మేసింది. చెరువులను మింగిన గుర్రపుడెక్క కూడా పువ్వు అందం చూసి తెచ్చిన బహువార్షికమే. చావని మొక్కను తెచ్చుకునే ముందు దాని గింజ కంచె దాటి ఎటు పోతుందో ఆలోచించాలి. ఊళ్ళో ఎన్నో ఏళ్ళుగా పెరుగుతూ అడవిలోకి పాకనివాటినే నమ్మాలి.

గింజ దాచడం

పూర్తిగా పండిన కాయ నుంచి తీసిన గింజను నీడలో ఆరబెట్టాలి. విత్తన శాస్త్రంలో జేమ్స్ హారింగ్టన్ చెప్పిన ఒక మోటు లెక్క ఉంది: గింజలో తేమ 1 శాతం తగ్గినప్పుడల్లా దాని నిల్వకాలం రెట్టింపవుతుంది, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినప్పుడల్లా మరోసారి రెట్టింపవుతుంది. భోపాల్‌పట్నం వానాకాలపు గాలిలో కాగితపు పొట్లం కట్టి గూట్లో పెడితే తేమ ఎక్కి మూడు నెలల్లోనే మొలకశక్తి పడిపోవచ్చు. గాజుసీసాలో అడుగున బాగా వేయించి చల్లార్చిన బియ్యం గుప్పెడు పోసి, పైన గింజల పొట్లాలు పెట్టి, మూత బిగించి, ఇంట్లో అన్నిటికన్నా చల్లని మూలన ఉంచితే వచ్చే అదను దాకా నిలుస్తాయి. పొట్లం మీద పేరు, కోసిన నెల రాయాలి. విత్తే ముందు 10 గింజలను తడిగుడ్డలో చుట్టి చూస్తే ఎన్నిట్లో జీవముందో తెలుస్తుంది. ఆరుకు తగ్గితే చోటుకు రెండేసి, మూడేసి విత్తుకోవాలి.

మొదలుపెట్టడానికి పొట్లం కూడా కొననక్కర లేదు. ఊళ్ళో ఎవరి కంచె మీదనైనా ఎండిన శంఖుకాయ కనిపిస్తే అడిగి తెచ్చుకోండి. ఒక్క కాయలో ఆరు నుంచి పది గింజలుంటాయి.